నా గొంతు నన్నడగకుండా ఊరేగిన పొద్దు

ఈ కింద రాసిందంతా నిజం. ఒక్క అక్షరం కూడా కల్పించలేదు. తల్లి మీదో పిల్లల మీదో ఒట్టేస్తే మీరు నమ్మరని తెలుసు. ఆ ఒట్లను నేనూ నమ్మను. అందుకే మైకు మీద ఒట్టేస్తున్నాను. అది ఎంత బరువైన ఒట్టో మా అలియాబాద్‌లో ఎవరినడిగినా చెబుతారు.

నా నోటి సంగతి వేరు. షామీర్‌పేట చెరువులో నేను పట్టిన చేప కడుపులోంచి ఫోను మోగిందని, ఎత్తితే అవతల ఫోను సొంతదారు "జర ఛార్జింగ్ వెట్టి ఉంచన్నా, వస్తున్న" అన్నాడని నేను చాలా టీ కొట్ల దగ్గర చెప్పాను. ఒక కొట్టు దగ్గర ఆ చేప మేకంత ఉంది, ఇంకో కొట్టు దగ్గర ఆటో అంత ఉంది. జనం నవ్వుతారు, ఇంకో టీ చెబుతారు. నోరున్నది అందుకే. కానీ మైకు చేతికొచ్చాక నేను అబద్ధమాడలేదు.

మైకంటే సభల్లో మైకు కాదు. ఆటో మీద హారన్ కట్టుకుని ఊళ్లు తిరిగే మైకు. అదే నా బతుకుతెరువు. నీళ్లు రావని, బర్రె తప్పిపోయిందని, బోనాలు ఫలానా రోజని, చర్చిలో ప్రార్థన కూటమి ఉందని, బట్టల దుకాణం తెరిచారని, మనిషి పోయాడని, షామీర్‌పేట నుంచి దూలపల్లి దాకా ఏ కబురైనా నా గొంతులోంచే జనం చెవుల్లో పడేది.

ఈ విద్య మేడ్చల్‌లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. డేరా సినిమాల కాలం నుంచి మైకు పట్టినవాడు. ఊరికే నేర్పలేదు. అడిగితే తిట్టాడు. మళ్లీ అడిగితే కల్లు పోయించుకుని తిట్టాడు. వైర్లు చుట్టించాడు, హారన్ తుడిపించాడు, బ్యాటరీ మోయించాడు. చివరికి ఒకరోజు పిలిచి, "ఇగ నా 'ఏమనగా' నువ్వు దీస్కపో. పండ్లు ఊడినయ్. 'ఏమనగా' అంటే గాలి వోతాంది" అన్నాడు. అలా ఆయన సాగదీసి పలికే 'ఏమనగా' నాకు దక్కింది. దాంతోపాటు ఒక షరతు పెట్టాడు. "నోరు నీది, ఏమన్న వాగు. మైకు ఊరిది. దాంట్ల అబద్ధమాడితే నీ నాలికె కోస్త." అప్పటికి ఆయన చేతిలో కల్లు సీసా తప్ప కోసే వస్తువేదీ లేదు. అయినా భయపడ్డాను.

చావు కబురు చెప్పడం అన్నిటికంటే కష్టం. "అందరికీ తెలియజేయునది ఏమనగా" అన్నాక ఆగాలి. ఇళ్లలో మిక్సీ ఆపాలి, టీవీ గొంతు తగ్గించాలి, చేతులు తుడుచుకుని గుమ్మంలోకి రావాలి. వాళ్లొచ్చేదాకా పోయినవాళ్ల పేరు నోట్లోనే పట్టుకోవాలి. తర్వాత కొడుకులు, కోడళ్లు, బిడ్డలు, అల్లుళ్లు. ఒక్క పేరు జారిందంటే ఆ ఇంట్లో పంచాయితీ దినాలు అయిపోయినా తెగదు.

మా పక్క వాడలో ఒక అవ్వ ఉంది. నాకు చుట్టం కాదు, వాడకంతా అవ్వే. ఆమె తన చావును నాకు ముందే అప్పజెప్పింది. ఒకరోజు ఇంటి ముందరి అరుగు గద్దె మీద కూర్చుని పిలిచింది.

"ఏమ్రా, నేను సచ్చినంక మైకుల ఎవలు జెప్తరు?"

"నేనే జెప్తనే అవ్వా. ఊర్ల ఇంకెవలున్నరు?"

"ఎట్ల జెప్తవో ఇప్పుడు జెప్పు. నేను ఇంట."

చెప్పాను. మధ్యలో ఆపింది. "గంత జల్దీ సంపకు. జర నిమ్మలంగ సంపు." మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి తన చావు తనకు నచ్చింది. అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. పెద్దబిడ్డ చర్చికి పోయే ఇంటి పిల్లగాణ్ణి చేసుకుని మచ్చ బొల్లారంలో ఉంటోంది. అప్పటి నుంచి అన్నదమ్ములు ఆమెను పండగకు పిలవరు, పెళ్లికి పిలవరు, పత్రికల్లో పేరు వేయరు.

"నేను వోయినంక సుత ఈళ్లు దాని పేరు వెట్టరు" అంది అవ్వ. "నువ్వు వెట్టాలె. అందరికంటె ముందుగాల వెట్టాలె. ఎవలేమన్న సరే."

"వెడ్తనే అవ్వా. మైకు మీద ఒట్టు."

ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా ఆరోగ్యం బాగుందా అని అడిగేది కాదు. "యాదికున్నదా?" అనేది. "ఉన్నదే" అనేవాణ్ణి. మా ఇద్దరికీ అదే రామ్ రామ్.

ఇక షామీర్‌పేటలో ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడి సంగతి. తోడబుట్టకపోయినా నాకు తమ్ముడే. పుట్టినరోజు ఫ్లెక్సీలో పది తలకాయలు పట్టాల్సిన చోట నలభై తలకాయలు పట్టించగలడు, అందరికీ నల్లద్దాలు తగిలించి మరీ. దుకాణం వెనక ఒక చిన్న అర చేసి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, తలుపుకు పాత బొంత వేలాడదీశాడు. అదే మా స్టూడియో. ఆటో వెంట నేను వెళ్లలేని రోజుల కోసం అందులో కూర్చుని చెప్పి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ అరలో మాట్లాడాను. మాట్లాడటం అయ్యాక నా గొంతు నాతోపాటే బండెక్కి ఇంటికి వస్తోందని అనుకునేవాణ్ణి. అది అక్కడే ఉండిపోతోందని ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున నేను ఇంట్లో కూర్చుని ఉప్మా తింటున్నాను. అదే సమయంలో వీధిలో ఉల్లిగడ్డలు కూడా అమ్ముతున్నాను.

"నువ్వు ఈడ గూసోని మెక్కుతున్నవ్" అంది మా ఆవిడ, గరిటె పట్టుకుని. "మరి గాడ ఒర్లేటోడెవడు?"

నాకూ అదే అనుమానం వచ్చింది. చేత్తో గొంతు తడిమి చూసుకున్నాను. ఉన్నచోటే ఉంది. ఆ ఉల్లిగడ్డల ఆటో అతను నాతో ఎప్పుడూ చెప్పించుకోలేదు. మూకుడు గీకినట్టుండే సొంత గొంతుతోనే అరుచుకునేవాడు. ఇప్పుడు అచ్చం నా గొంతు. "ఎర్రని ఉల్లిగడ్డ, గట్టి ఉల్లిగడ్డ, కోసినోళ్లకు తప్ప ఎవరికీ కన్నీళ్లు తెప్పించని ఉల్లిగడ్డ." నిజం చెప్పొద్దూ, భయం కంటే ముందు గర్వం వచ్చింది. వింటే నాకే కొనాలనిపించింది.

అంతలో ఉల్లిగడ్డ సగంలో ఆగింది. గరగరమంది. "అందరికీ తెలియజేయునది ఏమనగా" అని వినిపించింది. మా ఆవిడ గ్యాస్ కట్టేసింది. ఆగకుండా వెంటనే అవ్వ పేరు. ఆమె స్వర్గస్థురాలైందట. కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, చిన్నబిడ్డ పేరు, చిన్నల్లుడి పేరు. కావున బంధుమిత్రులందరూ రావాల్సిందట. మళ్లీ గరగర. మళ్లీ ఎర్రని ఉల్లిగడ్డ.

ఇక్కడ మీరు నవ్వుతారు గానీ, నేను నమ్మాను. మైకులో నా గొంతు అబద్ధమాడదని ఊరి కంటే నాకే ఎక్కువ నమ్మకం. ఉప్మా గిన్నె కింద పెట్టి ఏడ్చాను.

"అవ్వ వోయిందని నాకొక్క మాట జెప్పకపోతివి!" అని మా ఆవిడ కళ్లు ఒత్తుకుంది.

"నాకు సుత ఇప్పుడే ఎర్కైంది."

"జెప్పింది నువ్వే, నీకే ఎర్కలేదా?"

 నన్ను ఇంకో బాధ తొలుస్తోంది. పెద్దబిడ్డ పేరు రాలేదు. ఒట్టేసి కూడా ఎలా మరిచిపోయానురా అని నన్ను నేను తిట్టుకుంటూ చెప్పులేసుకున్నాను.

వాడలో చావు జరిగితే పీనుగ లేచేదాకా ఎవరూ పొయ్యి వెలిగించరు. నేను వెళ్లేసరికి అన్ని ఇళ్లలో పొయ్యిలు ఆరిపోయాయి. ఒకాయన సగం ఉడికిన మటన్ దించేశాడు. అంతకంటే పెద్ద త్యాగం మా ఊళ్లో నేను చూడలేదు. అవ్వ ఇంటి ముందు జనం, దండలు, అప్పుడే మొదలైన ఏడుపు రాగాలు. జనాన్ని తోసుకుని ముందుకెళితే గద్దె మీద అవ్వ కూర్చుని సల్ల పోసుకుని అన్నం తింటోంది.

దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే మేడ్చల్ దవాఖానాలో చేర్చారని మాకు తెలుసు. తగ్గిందని ముందురోజే కారులో తెచ్చి ఇంట్లో దించారని తెలియదు.

"ఏమ్రా కొడుకా, నన్ను సంపినవట?" అంది అవ్వ. "దండలు సుత వస్తున్నయ్."

దండ తెచ్చినాయన దాన్ని ఏం చేయాలో తెలియక తన బండి హ్యాండిల్‌కే వేసుకున్నాడు.

"నేను సంపలేదే అవ్వా. నేను ఉప్మా తింటున్న."

"మరి గా గొంతెవలిది?"

"నాదే."

జనం నన్ను చేప కథ చెప్పేటప్పుడు చూసినట్టు చూశారు.

ఈ గోల నడుస్తుండగానే ఒక ఆటో వచ్చి ఆగింది. మచ్చ బొల్లారం నుంచి పెద్దబిడ్డ. ఎవరో ఆ కబురును ఫోన్‌లో పట్టి పంపితే చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చింది. దిగి, తల్లిని చూసి, కూలబడి, మళ్లీ లేచి మీద పడి ఏడ్చింది. "నిమ్మలం, నిమ్మలం, అన్నం ఒలుకుతది" అంటూనే అవ్వ గిన్నె పక్కన పెట్టి బిడ్డ తల పట్టుకుంది.

ఏడుపు కాస్త తగ్గాక పెద్దబిడ్డ నా వైపు తిరిగింది. ఉన్న మనిషిని చంపానని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అందరి పేర్లు సదివినవ్. నా పేరు యాడ వోయిందన్నా? ఆటోల వస్తున్నంత సేపు మళ్ల మళ్ల ఇన్న. ఆఖర్ల జెప్తవేమో, నేనే సరిగ ఇనలేదేమో అని."

  అవ్వ కూడా నన్నే చూస్తోంది. "మైకు మీద ఒట్టన్నవ్ గదరా" అంది. చంపినందుకు నవ్వుతూ అడిగిన మనిషి, దీనికి నవ్వలేదు.

అవ్వ చిన్నకొడుకు గోడ పక్కన నిలబడి కాళ్లు మార్చుకుంటున్నాడు. దూలపల్లిలో ఏదో షెడ్డులో పని చేస్తాడు. నసిగీ నసిగీ బయటపడ్డాడు. దవాఖానాలో అవ్వ పరిస్థితి చూసి, ముందుజాగ్రత్తగా ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చెప్పాడట. దాంతోపాటు చావు కబురు కూడా అక్కడే తయారైపోతుందని ఫ్లెక్సీ తమ్ముడు అన్నాడట.

"అమ్మ నీ గొంతే గావాలన్నది గదన్నా" అన్నాడు నాతో, ఎంతో మర్యాదగా. "గొంతు ఆయన కాడ దొరికింది. మళ్ల నిన్ను పరేషాన్ జేసుడెందుకని."

నా గొంతు కావాలి గానీ నేను అక్కర్లేదన్నమాట. పెళ్లికి పెళ్లికొడుకు షేర్వాణీ వస్తే చాలు, పెళ్లికొడుకును ఎందుకు శ్రమ పెట్టాలి అన్నట్టు.

ఫోన్ చేస్తే ఫ్లెక్సీ తమ్ముడు వచ్చాడు, ఫ్లెక్సీలో ఉన్నట్టే నల్లద్దాలతో. అతని వెనకే ఉల్లిగడ్డల ఆటో. తేలిందేమంటే, అతని కంప్యూటర్‌లో నేను ఇన్నేళ్లుగా వదిలిన మాటలన్నీ ఏదో ఏఐకి వినిపించాడు. ఇప్పుడు ఏది రాసి ఇస్తే అది నా గొంతుతో చదువుతుంది. ఉల్లిగడ్డలకు చదివించాడు, అవ్వ చావుకు చదివించాడు, రెండూ ఒకే పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచాడు. ఉల్లిగడ్డలాయన అడగ్గానే తీసి ఇచ్చేశాడు.

"ఎవల్నడిగినవ్ తమ్మీ?" అన్నాను.

"అడిగేదేముందన్నా? అన్ని నా కాడ ఉన్న ఫైళ్లే. మీరే వచ్చి మాట్లాడిపోయిండ్రు. నేనేం దొంగతనం జేసిన్నా? దానికి ఇనిపిచ్చిన, అది నేర్సుకున్నది." ఇక్కడ నల్లద్దాలు తీశాడు. "మీరు నేర్సుకోలేదా, మీ ఉస్తాద్ కాడ?"

జనం నా వైపు తిరిగారు. ప్రశ్న గట్టిదే. నా 'ఏమనగా' నాది కాదని అందరికీ తెలుసు.

"నేర్సుకున్న" అన్నాను. "అడిగి నేర్సుకున్న. తిట్టిండు. మళ్ల అడిగిన. కల్లు దాగి తిట్టిండు. బ్యాటరీ మోసిన. ఆయన పండ్లు ఊడినంక పిలిచి ఇచ్చిండు." నోరు పూర్తిగా తెరిచి చూపించాను. "నా పండ్లు ఇంక ఊడలే తమ్మీ. దగ్గరికొచ్చి సూడు."

అతను నిజంగానే వంగి చూశాడు. జనం నవ్వారు.

"ఉల్లిగడ్డల కాడ మంచిగనే ఉండె గదన్నా?"

"మంచిగనే ఉండె. గదే నా బాధ. మంచిగ లేకుంటే ఎవడన్న నమ్మునా?"

అవ్వకు ఈ వాదనతో పని లేదు. ఆమె చూపు కొడుకు మీదే ఉంది. "ఆయన యంత్రానికి ఏం ఎర్క? రాసిచ్చింది నువ్వు. అక్క పేరెందుకు రాయలే?"

"ఫ్లెక్సీల జాగ సాలలేదమ్మా. గదే రాత మైకుకు సుత ఇచ్చిన."

"నీ బామ్మర్ది ఫోటోకు జాగ దొరికిందా?"

ఫ్లెక్సీ తమ్ముడు నోరు జారాడు: "దొరికిందవ్వా. నల్లద్దాలు సుత వెట్టిన."

ఇదంతా ఒకెత్తు. ఈ లోపల వాడంతా ఆకలితో ఉంది. పీనుగ లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు. లేవాల్సిన పీనుగేమో కూర్చుని సల్లన్నం తింటోంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో పెద్దవాళ్లకూ తెలియదు. మటన్ దించినాయన ఒకటికి పదిసార్లు వచ్చి "ఏమైంది, ఏమైంది" అని అడుగుతున్నాడు. తప్పు కబురు మైకులో వెళ్లింది కాబట్టి దిద్దుబాటు కూడా మైకులోనే వెళ్లాలన్నారు. సరే అని ఉల్లిగడ్డల ఆటో ఎక్కి మైకు అందుకున్నాను.

"అందరికీ తెలియజేయునది ఏమనగా" అని ఆగాను. గుమ్మాల్లోకి వచ్చారు. "అవ్వ క్షేమంగా ఉన్నారు. ఇందాకటి కబురు నేను చెప్పింది కాదు."

ఒక మేడ మీద నుంచి ఒకామె అరిచింది. "ఏది నమ్మాలె? ఇందాక సుత నువ్వే గదా జెప్పింది! పొద్దుగాల్నే తాగినవా?"

 చేప కథకు ఎవరైనా "అబద్ధం" అంటే నాకు సన్మానంలా ఉంటుంది. మైకు పట్టుకున్నాక ఆ మాట వినడం అదే మొదలు.

"దిగు" అని వినిపించింది. అవ్వ. కూతురి భుజం పట్టుకుని ఆటో దాకా వచ్చింది. ఇద్దరూ ఉల్లిగడ్డల సంచుల మీద కూర్చున్నారు. అవ్వ నా చేతిలోంచి మైకు లాక్కుని, మూతికి మరీ దగ్గరగా పెట్టుకుంది. హారన్ కూత పెట్టింది.

"నేనే! బతికే ఉన్న. వచ్చి సూస్కోండ్రి. పొయ్యిలు ముట్టిచ్చుకోండ్రి. నాకు ఇద్దరు బిడ్డలు, ఇద్దరు కొడుకులు. పెద్దబిడ్డ మచ్చ బొల్లారంల ఉంటది. గిదిగో, గీ ఆటోల్నే నా పక్కకు గూసున్నది."

తర్వాత కూతురి పేరు చెప్పింది. ఎవరూ నేర్పకుండానే, ఆ పేరుకు ముందు కాస్త ఆగింది. ఆటో వాడవాడా తిరిగింది. పోపుల పొగ ఆటో వెనకే లేస్తూ వచ్చింది. రెండో వాడ మలుపు తిరిగేసరికి అవ్వకు మైకు రుచి తగిలింది. "ఉల్లిగడ్డలు సుత ఉన్నయ్. నేను వాటి మీదనే గూసున్న, గట్టిగనే ఉన్నయ్" అని కూడా అరిచింది. ఉల్లిగడ్డలాయన సరుకు ఆ పూటే ఖాళీ.

ఆ సాయంత్రం ఫ్లెక్సీ తమ్ముడు నన్ను దుకాణానికి పిలిచాడు. కుర్చీ వేశాడు. రెండు చెవులూ పట్టుకుని, "అన్నా, తప్పైంది. మిమ్ముల్ని అడగకుండ ఇగ మీ గొంతు ముట్టనే ముట్ట" అన్నాడు. నా ముందే కంప్యూటర్ తెరిచి, నా గొంతు నేర్చుకున్నదాన్ని మొత్తం తుడిచేశాడు. చెత్తబుట్టలో ఉన్నది కూడా ఖాళీ చేసి చూపించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరం కౌగిలించుకున్నాం.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ల జోలికి వెళ్లను. ప్రతి కబురుకూ ఆటోలో నేనే కూర్చుంటాను. జనం గుమ్మాల్లోకి వచ్చి ముందు ఆటోలోకి తొంగి చూస్తారు, నేనున్నానా లేదా అని. ఉంటేనే మిక్సీ ఆపుతారు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మీరు చేప దగ్గర అనుమానపడి ఉంటారు. చేప నిజం, అది మోగడమూ నిజం. అవ్వ నిజం, ఉల్లిగడ్డల సంచుల మీద పెద్దబిడ్డ కూర్చోవడం నిజం. నేను కల్పించింది ఆ సాయంత్రం ఒక్కటే. చెవులు పట్టుకోలేదు, తుడవలేదు, కౌగిలించుకోలేదు. నేనే వెళ్లి అడిగితే అతను తల గోక్కుని, "తుడుస్త గని అన్నా, నేర్సుకున్నది ఎట్ల మరుస్తది? మీ గొంతు ఇప్పటికే మస్తు మందికి పంపిన" అన్నాడు. ఆ మాట రాయబుద్ధి కాక కౌగిలింత రాశాను. మొన్న మేడ్చల్‌లో బస్సు కోసం నిలబడితే ఎదురుగా నేనే పరుపులు అమ్ముతూ వెళ్లాను. ఆటోలోకి చూస్తే డ్రైవరూ పరుపులూ తప్ప ఎవరూ లేరు.

ఈ సంగతి అవ్వకు చెబితే ఆలోచించి, "అయితే మైకు ఇడ్సిపెట్టు. నేను వోయిననాడు ఇల్లిల్లూ తిరిగి నోటితోటే జెప్పు" అంది. నా నోటిని నమ్మి ఒక మనిషి పని అప్పజెప్పడం ఇదే మొదటిసారి. కాబట్టి మా వైపు హారన్‌లో అవ్వ పేరు వినిపిస్తే పొయ్యి ఆర్పకండి. నేను చెమటలు కక్కుతూ మీ గుమ్మం ముందుకొచ్చి, పెద్దబిడ్డ పేరు ముందు చెబితేనే ఆర్పండి.